ప్రశ్న ఎవరిదైతే మార్పు వాళ్ళది: నర్సుల యాక్షన్ రీసెర్చ్ కథ

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తొస్తాయి మనకి. ఇవాళ నేను చెప్పబోయేది ఆస్పత్రి వార్డు చరిత్ర. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, వార్డులో పనిచేసే నర్సు తన పనిని తానే పరిశోధించుకోవడం ఎలా మొదలైందనే చరిత్ర. దాన్ని యాక్షన్ రీసెర్చ్ అంటారు. పేరు చూసి భయపడకండి. లోపలున్న విషయం చాలా సాదా.

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో ముందు చెప్తాను. మీలో నర్సింగ్ చదివేవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మీ సిలబస్‌లో నర్సింగ్ రీసెర్చ్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది, ప్రాజెక్టు కూడా ఉంటుంది. ఆ ప్రాజెక్టుల టైటిళ్ళు చూస్తే చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఫలానా జబ్బు గురించి ఫలానా వాళ్ళకి ఎంత తెలుసు, ఒక క్లాసు చెప్పాక ఎంత పెరిగింది. ముందు ఒక ప్రశ్నాపత్రం, మధ్యలో ఒక క్లాసు, తర్వాత మళ్ళీ అదే ప్రశ్నాపత్రం. మార్కులు పెరుగుతాయి. పెరగకుండా ఎలా ఉంటాయి? బైండింగ్ చేయించి లైబ్రరీలో పెడతారు. సరే, మరి వార్డులో ఏం మారింది? నేను ఇవాళ పట్టుకోబోయేది ఈ ఒక్క ప్రశ్ననే.

కథ 1854లో మొదలుపెడదాం. క్రిమియా యుద్ధం. ఇస్తాంబుల్‌కి ఎదురుగా స్కుటారి అనే చోట బ్రిటిష్ సైన్యానికి ఒక పెద్ద ఆస్పత్రి. ఆ నవంబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో అక్కడ దిగింది. దీపం పట్టుకుని రాత్రిపూట తిరిగే ఆవిడ బొమ్మ మనందరం స్కూలు పుస్తకాల్లో చూసిందే. కానీ ఆ బొమ్మలో లేని సంగతి ఒకటుంది. ఆవిడ వచ్చాక కూడా చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో అక్కడ మరణాల రేటు 42 శాతం దాటింది. గాయాలతో పోయినవాళ్ళ కంటే విరేచనాలు, కలరా, టైఫస్ లాంటి రోగాలతో పోయినవాళ్ళే చాలా ఎక్కువ. ఆ మార్చిలో లండన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చింది. మురుగుకాలవలు కడిగించారు, పశువుల కళేబరాలు తీయించారు, గాలి ఆడేట్టు చేశారు. కొన్ని నెలల్లో ఆ రేటు రెండు శాతం చుట్టుపక్కలకి పడిపోయింది.

నైటింగేల్ గొప్పతనం ఇక్కడే నాకు కనిపిస్తుంది. ఇంటికొచ్చాక, విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని లెక్కలన్నీ మళ్ళీ తీసింది. సేవ ఒక్కటే చాలదు, ఏ నెలలో ఎంతమంది ఎందుకు పోయారో లెక్క ఉండాలి అని తేల్చుకుంది. రాణీగారికీ మంత్రులకీ అర్థమయ్యేట్టు ఆ లెక్కల్ని 1858లో రంగుల బొమ్మగా గీయించింది. పువ్వు రేకుల్లా ఉండే ఆ గ్రాఫు ఇవాళ్టికీ డేటా సైన్స్ క్లాసుల్లో చూపిస్తారు. అదే ఏడాది లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆవిడని సభ్యురాలిగా తీసుకుంది. ఆ సంఘంలో మొదటి మహిళ ఆవిడే.

అంటే నర్సింగ్‌లో లెక్క అనేది మొదట్నుంచీ ఉంది. లేనిది ఇంకొకటి. లెక్క పైన ఉన్నవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నైటింగేల్ స్కూలు మొదలైంది. అలాంటి స్కూళ్ళ నుంచి బయటికొచ్చిన నర్సులకి నేర్పినవాటిలో క్రమశిక్షణ, శుభ్రత, చెప్పింది చెప్పినట్టు చేయడం ముందు వరసలో ఉండేవి. ఎందుకిలా చేస్తున్నాం అని అడగడం ఆ వరసలో లేదు. ఆ అడగడం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే కాసేపు ఆస్పత్రి వదిలి బయటికి వెళ్ళాలి.

కర్ట్ లెవిన్. 1890లో అప్పటి జర్మనీలో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న మొగిల్నో అనే ఊళ్ళో పుట్టాడు. యూదుడు. మనస్తత్వ శాస్త్రం చెప్పే ప్రొఫెసరు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే అమెరికా వెళ్ళిపోయాడు. తల్లిని మాత్రం కాపాడుకోలేకపోయాడు. ఆవిడ నాజీల చేతుల్లో పోయింది. మనుషులు గుంపుగా ఎలా ఆలోచిస్తారు, ఎలా మారతారు అనేది ఆయనకి పుస్తకాల ప్రశ్న మాత్రమే కాదని దీన్నిబట్టి మీకే అర్థమవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అమెరికాలో మంచి మాంసం సైనికులకి పోతోంది. గుండె, కిడ్నీల్లాంటివి ఇళ్ళల్లో వండమని ప్రభుత్వం బతిమాలుతోంది. ఆడవాళ్ళు ముట్టుకోవట్లేదు. లెవిన్ బృందం అయోవాలో రెడ్ క్రాస్ వాలంటీర్లుగా ఉన్న గృహిణులతో ఒక ప్రయోగం చేసింది. కొన్ని గుంపులకి చక్కటి ఉపన్యాసం ఇప్పించారు. పోషక విలువలు, దేశభక్తి, వంట చిట్కాలు, అన్నీ. మిగతా గుంపుల్లో ఉపన్యాసం లేదు. మనలాంటి ఇళ్ళల్లో ఇవి వండాలంటే ఇబ్బంది ఏంటి అని వాళ్ళనే మాట్లాడుకోనిచ్చారు. చివర్లో ఎవరు వండి చూస్తారో చేతులెత్తమన్నారు. తర్వాత ఇళ్ళకెళ్ళి అడిగితే, ఉపన్యాసం విన్నవాళ్ళలో 3 శాతం మంది కొత్తగా వండారు. మాట్లాడుకుని తేల్చుకున్నవాళ్ళలో 32 శాతం.

ఇంకో ప్రయోగం ప్రసూతి వార్డులోనే జరిగింది. మొదటి కాన్పయిన తల్లులకి, బిడ్డకి కాడ్‌లివర్ ఆయిల్, నారింజ రసం పట్టమని చెప్పాలి. కొందరికి పోషకాహార నిపుణురాలు ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని 25 నిమిషాల దాకా విడివిడిగా చెప్పింది. మిగతావాళ్ళని ఆరుగురేసి చొప్పున కూర్చోబెట్టి, ఆరుగురికీ కలిపి అంతే సమయం మాట్లాడుకోనిచ్చింది. ఒక్క తల్లికి పట్టిన టైములో ఆరుగురు. అయినా రెండు వారాలకి, నాలుగు వారాలకి వెళ్ళి చూస్తే గుంపుగా మాట్లాడుకున్నవాళ్ళే ఎక్కువ పాటించారు. డిశ్చార్జి రోజు హడావిడిగా చేతిలో కాగితం పెట్టి గడగడా చెప్పి పంపించే పద్ధతి చూసినవాళ్ళకి ఇది బాగా ఎక్కుతుంది.

మూడోది వర్జీనియా రాష్ట్రంలో మేరియన్ అనే ఊళ్ళో, పైజమాలు కుట్టే హార్వుడ్ ఫ్యాక్టరీలో. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు దాన్ని 1948లో అచ్చువేశారు. పనిచేసే పద్ధతి మార్చాల్సి వచ్చింది. ఒక గుంపుకి రేపట్నుంచి ఇలా చెయ్యండి అని చెప్పారు. ఇంకో గుంపులకి సమస్య చూపించి, కొత్త పద్ధతి వాళ్ళతో కలిసి తయారుచేశారు. చెప్పించుకున్న గుంపులో మొదటి 40 రోజుల్లోనే 17 శాతం మంది పని మానేశారు, ఉత్పత్తి కూడా కోలుకోలేదు. అందరూ కలిసి తేల్చుకున్న గుంపుల్లో ఆ 40 రోజుల్లో ఒక్కరూ మానలేదు, ఉత్పత్తి పాతదాన్ని దాటిపోయింది.

లెవిన్ 1946లో ఒక వ్యాసం రాశాడు. యాక్షన్ రీసెర్చ్ అనే మాట అక్కణ్ణుంచే గట్టిగా నిలబడింది. మెట్లు మెట్లుగా పైకి తిరిగే చక్రం లాంటిదని చెప్పాడు. ముందు పరిస్థితి ఏంటో చూడు. ప్లాన్ వెయ్యి. చిన్నగా చేసి చూడు. ఏమైందో లెక్క తియ్యి. ఆ లెక్కని బట్టి మళ్ళీ ప్లాన్. 1947 ఫిబ్రవరిలో 56 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయాడు. అదే ఏడాది ఆయన సంస్థ, లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఒక పత్రిక మొదలుపెట్టాయి. దాని పేరు హ్యూమన్ రిలేషన్స్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఆస్పత్రిలోకి మళ్ళీ మనం దీంతోనే వెళ్తాం.

1960లో ఆ పత్రికలో ఇసబెల్ మెంజీస్ అనే టావిస్టాక్ పరిశోధకురాలి వ్యాసం వచ్చింది. లండన్‌లో ఒక పెద్ద బోధనాస్పత్రి వాళ్ళు ఆవిడని సాయం అడిగారు. అక్కడ నర్సింగ్ సిబ్బంది దాదాపు 700 మంది. అందులో శిక్షణ పూర్తయినవాళ్ళు 150 మందే, మిగతా అందరూ స్టూడెంట్ నర్సులు. ఆ స్టూడెంట్లలో మూడోవంతు మంది చదువు పూర్తిచేయకుండానే వెళ్ళిపోతున్నారు. ఎందుకు?

ఆవిడకి కనిపించింది ఇది. రోగి పక్కన నిలబడటం చాలా బరువైన పని. నొప్పి చూడాలి, చావు చూడాలి, రక్తం, మలమూత్రాలు తుడవాలి. ఆ బరువు తట్టుకోడానికి ఆస్పత్రి కొన్ని పద్ధతులు పెట్టుకుంది. ఒక మనిషిని ఒక నర్సు పూర్తిగా చూడదు. ఒకరు అందరికీ టెంపరేచర్లు, ఒకరు అందరికీ బెడ్‌ప్యాన్లు, ఒకరు అందరికీ మందులు. రోగికి పేరుండదు, బెడ్ నంబరో, జబ్బు పేరో, చెడిపోయిన అవయవం పేరో ఉంటుంది. నర్సుల్ని కూడా ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి తిప్పుతూనే ఉంటారు, ఎవరితోనూ బంధం ఏర్పడకుండా. బాధ నుంచి కాపాడాల్సిన ఈ గోడలే నర్సుని లోపల తినేస్తున్నాయి అన్నది ఆవిడ వాదన. మనిషికి మనిషి చేసే సేవలో ఉండే తృప్తి పోయింది, బాధ మాత్రం అలాగే ఉంది. మిగతావాళ్ళ కంటే ఎక్కువ ఆలోచించే పిల్లలే ముందు వెళ్ళిపోతున్నారని కూడా ఆవిడకి అనిపించింది.

అరవై ఏళ్ళు దాటింది. మీలో క్లినికల్ పోస్టింగ్ చేసినవాళ్ళు చెప్పండి, బెడ్ నంబర్ 14 అనే మాట మీ వార్డులో వినపడదా?

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాం. మెంజీస్ రాసింది అద్భుతమైన విశ్లేషణ. ఇవాళ్టికీ ప్రపంచమంతా చదువుతారు. కానీ ఆ ఆస్పత్రిలో పెద్ద మార్పు రాలేదు. పెద్ద మార్పులంటే అక్కడివాళ్ళు వెనకాడటం గురించి ఆవిడే రాసింది. నిజం తెలిసింది, బాగా తెలిసింది, అయినా పని మారలేదు. నాకు అనిపించే కారణం ఇది. అక్కడ ప్రశ్నకి జవాబు వెతికే పని బయటి నిపుణురాలి చేతిలో ఉంది. వార్డులో రోజూ బెడ్‌ప్యాన్ మోసే స్టూడెంట్ నర్సు ఆ పరిశోధనలో సమాచారం ఇచ్చే మనిషి మాత్రమే. లెవిన్ చూపించిన రెండు గుంపుల్లో, ఆ అమ్మాయి ఉపన్యాసం విన్న గుంపులోనే ఉండిపోయింది.

దీన్ని తిప్పినవాళ్ళలో రెజ్ రెవాన్స్ ఒకడు. బ్రిటన్ బొగ్గు గనుల సంస్థలో పనిచేసి వచ్చిన మనిషి. గని కష్టం గనిలో దిగేవాళ్ళే ఒకరికొకరు చెప్పుకుంటే తీరుతుంది అని నమ్మేవాడు. మాంచెస్టర్ చుట్టుపక్కల ఆస్పత్రుల్ని చూసి 1964లో ఒక పుస్తకం వేశాడు. సిస్టర్ల మాట పైవాళ్ళు వినే ఆస్పత్రుల్లో నర్సులు నిలబడుతున్నారు, రోగులు కూడా తొందరగా ఇంటికి వెళ్తున్నారు అన్నది అందులో సారం. తర్వాత 1960ల రెండో సగంలో లండన్‌లోని పది ఆస్పత్రుల్లో ఒక ప్రాజెక్టు నడిపించాడు. అక్కడ పరిశోధకులు బయటివాళ్ళు కాదు. ఆ ఆస్పత్రుల డాక్టర్లు, నర్సులు, ఆఫీసు సిబ్బందే తమ చోట ఏం తేడాగా ఉందో చూసి, తోటి ఆస్పత్రులతో మాట్లాడుకుని, సరిచేసుకునే ప్రయత్నం చేశారు.

దాదాపు అదే సమయంలో, 1968, 69ల్లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ ఆస్పత్రిలో స్టేషన్ 32 అనే వార్డు. మేరీ మాంథీ, అక్కడి నర్సులు కలిసి పనుల పంపకాన్ని పక్కనపెట్టి, మనిషికి మనిషి అనే పద్ధతి ప్రయత్నించారు. ఒక రోగికి ఒక నర్సు. వచ్చిన రోజు నుంచి వెళ్ళేదాకా ఆ రోగి సంరక్షణ ప్లాను ఆ నర్సుదే. ప్రైమరీ నర్సింగ్ అని పుస్తకాల్లో చదివే ఉంటారు. మెంజీస్ చూపించిన గోడని వార్డులోవాళ్ళే తీసి చూశారన్నమాట.

ఆ తర్వాత ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో, అలిసన్ బిన్నీ అనే సిస్టరు, ఆంజీ టిచెన్ అనే పరిశోధకురాలు జోడీగా ఒక మెడికల్ వార్డులో కొన్నేళ్ళు యాక్షన్ రీసెర్చ్ చేశారు. ఒకరు వార్డుని నడిపేవాళ్ళు, ఒకరు పక్కన నిలబడి చూసి అడిగేవాళ్ళు. 1999లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. రొటీన్‌కి అలవాటుపడిన నర్సులు రోగి చుట్టూ పని అల్లుకోవడం ఎంత మెల్లగా, ఎన్ని తడబాట్లతో జరుగుతుందో అందులో కనిపిస్తుంది. నాకు ఆ మెల్లగా అనే మాటే ముఖ్యం. సర్క్యులర్ ఒక్కరోజులో వస్తుంది. అలవాటు ఒక్కరోజులో మారదు.

ఇదంతా విన్నాక, సరే, మా వార్డులో ఎలా ఉంటుంది అని అడుగుతారు. ఊహించుకుందాం. సెలైన్ ఎక్కించే క్యాన్యులా పెట్టిన చోట చెయ్యి వాస్తోంది. రోజూ ఇద్దరు ముగ్గురు రోగులు, సిస్టర్, మంటగా ఉంది అంటున్నారు. మామూలు ప్రాజెక్టు అయితే నర్సులకి క్యాన్యులా గురించి ఎంత తెలుసో పరీక్ష పెడుతుంది. యాక్షన్ రీసెర్చ్ వేరేగా మొదలవుతుంది. డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సులు, స్టూడెంట్లు, ఇన్‌చార్జ్ సిస్టరు ఒక పావుగంట కూర్చుంటారు. రెండు వారాలపాటు లెక్క రాస్తారు. ఎన్ని క్యాన్యులాలు, ఏ రోజు పెట్టినవి, ఎన్ని వాచాయి. అప్పుడు తెలుస్తుంది, పెట్టిన తేదీ సగం వాటి మీద లేనే లేదని. తెలియక రాయలేదా? కాదు. ప్లాస్టర్ మీద రాయడానికి ట్రేలో మార్కర్ పెన్ను ఉండదు. ఈ సంగతి ఏ ప్రశ్నాపత్రమూ బయటపెట్టదు. పెన్ను వెతుక్కునే మనిషికే తెలుస్తుంది.

ట్రేలో పెన్ను కడతారు. హ్యాండోవర్‌లో ప్రతి రోగి చెయ్యి చూసి అప్పగించాలని తేల్చుకుంటారు. మళ్ళీ రెండు వారాల లెక్క. పగలు తగ్గింది, రాత్రి తగ్గలేదు. ఎందుకని? రాత్రి ఒక్క నర్సుకి వార్డంతా. లైట్లు ఆపేసి ఉంటాయి. అయితే రాత్రికి వేరే ఉపాయం. చక్రం మళ్ళీ తిరుగుతుంది. ఇదీ యాక్షన్ రీసెర్చ్. ఇక్కడ నర్సు సమాచారం ఇచ్చే మనిషి కాదు, ప్రశ్న అడిగే మనిషి. రోగిని కూడా అందులో కలుపుకుంటే ఇంకా మంచిది. వాచేది ఆయన చెయ్యే కదా.

దీనికి ఇబ్బందులు లేవని చెప్పను. ఒక వార్డులో తేలింది ఇంకో వార్డుకి అచ్చంగా సరిపోదు. కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఇది పనికిరాదు, దానికి పెద్ద ట్రయల్సే కావాలి. ముందుండి నడిపిన సిస్టరు ట్రాన్స్‌ఫర్ అయితే మూడు నెలల్లో పాత పద్ధతి వచ్చేస్తుంది. పరిశోధించేది, పరిశోధనలో ఉండేది ఒకళ్ళే కాబట్టి, మనకి నచ్చిన జవాబే కనిపించే ప్రమాదమూ ఉంది. తోటివాళ్ళ తప్పులు బయటపడే లెక్క కాబట్టి పేర్లు రాయకూడదు, రోగుల వివరాలు బయటికి పోకూడదు, అనుమతి తీసుకోవాలి. ఇంకోటి, అన్నిటికంటే పెద్దది. ఒక్క నర్సు మీద నలభై మంది రోగులుంటే, ఆ అమ్మాయిని కూర్చుని ఆలోచించమ్మా అనడం వెటకారం అవుతుంది. పోస్టులు నింపడానికి బదులుగా యాక్షన్ రీసెర్చ్‌ని చూపిస్తే ఒప్పుకోకండి. లెక్క నిజాయితీగా తీస్తే, మనుషులు చాలట్లేదన్న సంగతి కూడా ఆ లెక్కలోనే బయటికొస్తుంది.

మన దేశానికి ఇది కొత్త కాదు. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రసూతి గదుల కోసం లక్ష్య అనే కార్యక్రమం మొదలుపెట్టింది. లేబర్ రూములో, ప్రసూతి ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసేవాళ్ళే ఒక బృందంగా చిన్న చిన్న మార్పులు చేసి కొలుచుకోవాలన్నది అందులో ఒక భాగం. ఢిల్లీ ఎయిమ్స్, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం కలిసి ఇలాంటి పనికి ఒక పద్ధతే తయారుచేశాయి. నాలుగు మెట్లు. సమస్య పట్టుకుని టీమ్ కట్టు, కారణం వెతికి కొలువు, చిన్న మార్పు చేసి చూడు, పనిచేస్తే నిలబెట్టు. పేరు వేరు, దాన్ని నాణ్యత మెరుగుదల అంటారు. ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఇంకో పాయ దీనిలో కలిసింది. కానీ వరస చూశారా? లెవిన్ చక్రానికి దగ్గర చుట్టమే.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఆస్పత్రుల లేబర్ రూములు కూడా ఈ లక్ష్య కిందికే వస్తాయి. అంటే మీలో కొందరు రేపు ఉద్యోగంలో చేరగానే ఆ రిజిస్టర్లు మీ చేతికే వస్తాయి. అప్పుడు రెండు దారులుంటాయి. ఇన్‌స్పెక్షన్ వస్తోంది, గళ్ళు నింపెయ్ అనేది ఒకటి. మన వార్డులో ఈ నెల ఏం మారిందో చూద్దాం అనేది రెండోది. రిజిస్టరు అదే, పెన్ను అదే. అడిగే మనిషి మారితే దాని అర్థమే మారిపోతుంది.

నైటింగేల్ లెక్క నేర్పింది. లెవిన్, చెప్పించుకున్న మార్పుకీ తేల్చుకున్న మార్పుకీ తేడా చూపించాడు. మెంజీస్, నిజం తెలిసినంత మాత్రాన పని మారదని తనకు తెలియకుండానే రుజువు చేసింది. మిన్నెసోటాలో, ఆక్స్‌ఫర్డ్‌లో నర్సులు ప్రశ్నని తమ చేతిలోకి తీసుకున్నారు.

కాబట్టి ఈ ఏడాది ప్రాజెక్టు టైటిల్ రాసేటప్పుడు, మీ పోస్టింగ్‌లో ఎవరిని అడిగినా, ఎప్పుడూ ఇలాగే చేస్తున్నాం కదమ్మా అని జవాబొచ్చిన పని ఒకటి గుర్తుతెచ్చుకోండి. మీ మేడంగారితో మాట్లాడండి, వార్డు సిస్టరుని కలుపుకోండి, అనుమతి తీసుకోండి, రెండు వారాలు లెక్క రాయండి. లైబ్రరీలో బైండింగ్ పుస్తకం ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు మీ వార్డులో ఒక రోగి చెయ్యి వాయకుండా ఉంటే, ఆ పుస్తకం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. నైట్ డ్యూటీలో ఉండి ఇది వింటున్నవాళ్ళు కాస్త టీ తాగండి, జాగ్రత్త. సెలవు.